ఏడు ముడుల దారం

పోయిన వారం నా కుట్టుమిషను మొరాయించింది. పార్వతీపురంలో మిషన్లు బాగుచేసే మనిషికి కబురు పెడితే వచ్చాడు. వచ్చీ రాగానే నూనెడబ్బా బోర్లించి, కనబడ్డ కన్నంలోనల్లా పోయడం మొదలుపెట్టాడు. అది బల్లమీంచి కారి నా చీర అంచు మీద పడింది. నాకసలే నోరు ఆగదు. "అలా తాగబెట్టకు నాయనా, నాకబెట్టాలి" అన్నాను. అతను నాకేదో మతి చలించిందన్నట్టు చూసి, డబ్బా పక్కన పెట్టాడు.

ఆ మాట నాది కాదు. నోటిలోంచి వచ్చేశాక గాని ఎవరిదో గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఆ పూట అన్నం సయించలేదు.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఒకే ఒక్కసారి కాగితం మీద చూశాను, మళ్ళీ నా చేత్తో ఇంకో కాగితం మీద పెట్టడం ఇష్టం లేదు. ఊరంతా గిరకల తాత అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. అప్పటికి ఆయనకి యాభై దాటి ఉంటాయేమో. కొండల్లో మనిషి వయసు చెప్పడం కష్టం, జ్వరం ఒక్కో ఏడాదిని రెండేళ్ళు చేసేస్తుంది. ఎడమ చెవి కొంచెం పెద్దదిగా ఉండేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ఆ చెవి దగ్గర పెట్టుకుని, తరవాత కళ్ళతో చూసేవాడు. ఒకసారి నేను జామకాయ ఇస్తే దాన్నీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. క్రైస్తవ మిషను వాళ్ళు హుకుంపేట అవతల, కొండల మధ్య, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఒక పూరిపాక వేసి, దానికి బడి అని పేరు పెట్టి, నన్ను పంతులమ్మగా పంపారు. పాకలో ఒక నల్లబల్ల, ఆడపిల్లలకి కుట్టు నేర్పడానికి ఒక మిషను, మూలన నా మంచం. గెడ్డకి అవతలి గట్టు మీద దొరల బంగళా. కొండరోడ్డు వేయించే ఇంజనీరు దొర పనిమీద వచ్చినప్పుడల్లా అందులో దిగేవాడు. పని అని పేరే గాని, ఆయన వచ్చేది గెడ్డలో చేపల కోసమని వంటవాడి దగ్గర్నించి రోడ్డు మేస్త్రీ దాకా అందరికీ తెలుసు.

ఒక సంతరోజు మధ్యాహ్నం గిరకల తాత బడి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సుక్క నూనె ఎట్టు, పంతులమ్మా" అన్నాడు.

తలకేమో అనుకుని చిన్న గిన్నెలో నువ్వులనూనె పోసి ఇచ్చాను. వాసన చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"ఇది మనిసి తినే నూనె. నాకు నీ మిసను తినే నూనె గావాల."

మిషను నూనె నాకు పార్వతీపురం నుంచి రావాలి. బంగారంలా దాచుకునేదాన్ని. విసుక్కుంటూనే ఒక చుక్క ఇచ్చాను. ఆయన దాన్ని గిన్నెలో పట్టుకోలేదు. బొటనవేలు గోరు మీద వేయించుకుని, చేతిని మెల్లగా ఒకవైపుకి వాల్చి, ఆ చుక్క ఎంతసేపటికి గోరు చివరకి చేరుతుందో చూశాడు. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు.

"బేగి పారీసే నూనె ఎండకి ఎగిరిపోద్ది. మెల్లగ పారీది సలికి గడ్డకడతాది. ఇది మంచిదే" అన్నాడు. నా నూనెకి ఆ రోజుదాకా పరీక్ష పెట్టినవాళ్ళు లేరు, నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. అప్పుడు మొలలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. లోపల ఇత్తడి చక్రం. దొర చేపలు పట్టే పొడుగాటి గేలపు కర్రకి, పిడి దగ్గర బిగించే చక్రం అది. దాని చుట్టూ దారం చుట్టి ఉంటుంది. చేప లాగితే దారం వదులుతుంది, పక్కనున్న పిడి తిప్పితే మళ్ళీ చుట్టుకుంటుంది. దొర దాన్ని రీలు అనేవాడు, తాత గిరక అనేవాడు. దొర లేనప్పుడు దాన్ని చూసుకునే పని తాతది. కోడి ఈక ఒకటి తీసి, దాని కొసతో నా నూనె చుక్కని అద్ది, చక్రం ఇరుసుకి అంటీ అంటనట్టు రాశాడు. "తాగబెట్టకూడదు, నాకబెట్టాల" అని నాకు అప్పుడే చెప్పాడు. నూనె ఎక్కువైతే గెడ్డ ఇసక దానికి అంటుకుని ఇరుసుని కొరికేస్తుందట.

ఆ పైన నెలకి రెండు మూడుసార్లు వచ్చేవాడు. నేను పిల్లలకి కాజాలు నేర్పుతుంటే గుమ్మం బయట అడ్డాకు పరిచి, దాని మీద గిరకని విప్పేవాడు. అరగదీసిన కత్తికొస ఒకటి ఉండేది, దాంతోనే మరలు తీసేవాడు. తీసిన వాటిని తీసిన వరసలోనే ఆకు మీద పెట్టేవాడు. లోపల పళ్ళచక్రం, దాని మీద ఆనే చిన్న ఇనపముక్క, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు. ఆ ఇనపముక్కని నాలిక అనేవాడు. గిరక తెరిచి ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, నోటి తుంపర పడుతుందని. నేనేదైనా అడిగితే వేలితో ఆగమని సైగ చేసేవాడు. బడిలో నా మాట వినని పిల్లలు ఆ వేలుకి మాత్రం గప్‌చిప్‌గా ఉండేవారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇత్తడి మెరవాలి కదా అని ఒకసారి చింతపండు ఇవ్వబోయాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పులుపు తగిల్తే పైకి మెరుస్తాది, లోన సచ్చిపోద్ది" అన్నాడు. జల్లించిన బూడిద, పాత పంచెగుడ్డ, అంతే. చేపలవేట అయిపోగానే పట్టుదారం మొత్తం విప్పి, రెండు పనసచెట్ల మధ్య నీడలో ఆరగట్టేవాడు. తడిదారం చుట్టి ఉంచితే చివికిపోతుంది, ఎండలో వేసినా చివికిపోతుంది. దారం ఆరేదాకా గొర్రెలూ మేకలూ రాకుండా అక్కడే కూచునేవాడు.

అన్నిటికన్నా వింత ఆయన గిరకని సరిచేసే పద్ధతి. దారం కొసని తన కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. గిరకని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ వేలిని ముందు మెల్లగా, తరవాత విసురుగా కదిపేవాడు. కిరకిరమని శబ్దం. నచ్చకపోతే విప్పి, స్ప్రింగుని గోటితో వెంట్రుకవాసి వంచి, మళ్ళీ వేలికి కట్టుకునేవాడు. ఒక్కోసారి పూటంతా అదే పని.

"ఏటి తాతా, నువ్వే చేపవా?" అని నవ్వాను ఒకసారి.

"దొర సెయ్యి నాకు తెల్దు. సేప నోరు తెలుసు" అన్నాడు, నవ్వకుండా. "గట్టిగుంటే దారం తెగిపోద్ది. వొదులుగుంటే సుట్టు మీద సుట్టు పడి సిక్కుపడిపోద్ది. దీనికి ఊపిరుండాల."

ఇంతా చేసి ఆయన ఎన్నడూ గేలం వేసి ఎరగడు. ఆ ఊళ్ళో చేపలంటే వెదురుబుట్టలు అడ్డం పెట్టి ఊరంతా కలిసి పట్టుకోవడమే. ఒక్క చేప కోసం ఒక్క మనిషి పొద్దంతా నిలబడడం వాళ్ళకి పిచ్చిలా కనిపించేది. దొర గిరకకి నూనె రాసే మనిషని ఊరివాళ్ళు ఈయన్నీ ఎగతాళి చేసేవారు.

ఒక చలికాలం దొరకి సీమనుంచి మూడు కొత్త గిరకలు పార్సిల్లో వచ్చాయి. దొరకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. అతని బట్లరు జ్వరంతో పడుకుంటే, మిషనులో నేర్చుకున్న ఇంగ్లీషు ఉందని నన్ను బంగళాకి పిలిపించాడు. వరండాలో బల్ల మీద మూడూ పెట్టి, ఏది మంచిదో తాతని అడగమన్నాడు. వేళాకోళానికే అడిగాడని దొర మొహం చూస్తే తెలుస్తోంది. తాత మాత్రం దాన్ని వేళాకోళమనుకోలేదు. వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు.

మొదటిది వెండిలా ధగధగలాడుతోంది. తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, పక్కకి పెట్టేశాడు. "ఇది ఊరికే వాగుతాది" అన్నాడు. రెండోది నున్నటి కర్రది. దాన్ని వాసన చూసి, అంచుని నాలికతో తాకాడు. నాకు సిగ్గేసింది. "వానలకి ఇది ఉబ్బీసి తిరగదు, దొరా, నువ్వే సూడు" అన్నాడు. కొండమనిషి కదా, దొరనైనా పంతులమ్మనైనా నువ్వనే అనేవాడు. మూడోది మసకబారిన ఇత్తడిది, చూపుకి ఆనదు. చక్రాన్ని ఇరుసు మీద అటూ ఇటూ కదిపి చూశాడు, ఊగలేదు. వేలితో ఒక్క తోపు తోశాడు. అది తిరుగుతూనే ఉంది. తాత నెమ్మదిగా మూడుసార్లు ఊపిరి తీసి వదిలేదాకా తిరిగి, ఆగేటప్పుడు కూడా కుదుపు లేకుండా ఆగింది.

"ఇది" అన్నాడు.

నేను తర్జుమా చేశాను. దొర నవ్వి, ఆ రోజు వెండిదే పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి దాని పిడి ఊడి చేతికొచ్చింది. ఆ తరవాత ఇత్తడిదే ఆయన గిరక అయింది, పాతదానిలాగే దాని బాగోగులూ తాత చేతికే వచ్చాయి.

ఇంక కొడుకు సంగతి చెప్పాలి.

తాతకి ఒక్కడే కొడుకు. భార్య ఎప్పుడో పోయింది. తన తాతముత్తాతలు పోడు కొట్టుకున్న కొండవాలునే ఆ కొడుకు మళ్ళీ కొట్టి కాల్చాడు. ఈలోగా అది సర్కారు అడవి అయిపోయింది. గార్డు వచ్చి అడ్డుపడితే తోశాడు, గార్డు రాయి మీద పడి చెయ్యి విరిగింది. నాలుగేళ్ళు శిక్ష వేసి మైదానంలో ఎక్కడో జైలుకి పంపారు. కోడలు పుట్టింటికి పోయింది. కొండమనిషి జైలుకెళ్తే నీళ్ళు పడక చస్తాడని అక్కడ అందరూ అనేవారు. తాత ఆ మాట అనేవాడు కాదు, ఎవరన్నా అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు వేసవి చివర, వానలు పడకముందు, దొర వెళ్ళిపోతూ ఇత్తడి గిరకని దారంతో సహా తాత చేతికిచ్చాడు. నేనక్కడే ఉన్నాను, పిల్లల పుస్తకాలు దొర సామాన్లతో వచ్చాయని తెచ్చుకోవడానికి వెళ్ళాను. తాత నాచేత అడిగించాడు, కొడుకుని విడిపించమని. దొర గుర్రం ఎక్కుతూ అన్నాడు, చలికాలం వస్తాను, నాతో పెద్ద దొర కూడా వస్తాడు, శిక్షలు తగ్గించే అధికారం ఆయనది, చేపలవేటంటే ప్రాణం, ఆయన మంచి హుషారులో ఉన్నప్పుడు నీ కొడుకు మాట ఎత్తుతాను, గిరక జాగ్రత్త. దొర అది ఎంత మనసుపెట్టి అన్నాడో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో చెప్పాను.

వారం తిరక్కుండా తాత పరుగున వచ్చాడు. మొహంలో అంత వెలుగు నేను మునుపు చూడలేదు. ఆరగట్టడానికి దారమంతా విప్పితే, లోపల ఇదివరకు లేని ఏడు ముడులున్నాయట.

"దొర మాట కట్టి ఎల్లినాడు, పంతులమ్మా. ఏడు నెల్లు."

ఆ కొండల్లో పెళ్ళికో పండక్కో దూరపు చుట్టాలని పిలవాలంటే మనిషిచేత ముడుల తాడు పంపుతారు. రోజుకో ముడి విప్పుతూ పోతే ఆఖరి ముడి విప్పిన రోజు బయల్దేరాలి. ముడి విప్పకపోతే పిలుపు కాదన్నట్టే. నాకు ఈ సంగతి తెలుసు. కాని ఆ దారం చూశాను. కుట్టుపని చేసేదాన్ని, అతుకు ముడి ఏదో నాకు తెలియదా? పైన యాభై గజాలు కొత్త పట్టుదారం. దాని కింద చక్రం నిండడానికి దొర తన పాత దారపు ముక్కలు ఒకదానికొకటి ముడేసి చుట్టాడు. ముడికి అటొక రంగు, ఇటొక రంగు.

"తాతా, ఇవి ముక్కలు అతికించిన ముడులు. ఇందులో మాటా లేదు, నెలా లేదు" అన్నాను.

"అతుకైతే రెండుంటాయి, మూడుంటాయి. ఏడేటి? లెక్కెట్టు. ఇప్పుడినించి సలికాలానికి ఏడు నెల్లే గదా?"

లెక్కపెట్టాను. ఏడే.

"విప్పేస్తే దారం ముక్కలైపోతుంది. పెద్ద చేప పడి దూరం లాగితే ఏమవుతుంది?"

"విప్పకపోతే దొర రాడు. దొర రాకపోతే గుంటడు రాడు" అన్నాడు. కొడుకుని ఎప్పుడూ గుంటడనే అనేవాడు.

అలా ప్రతి అమావాస్యకీ ఒక ముడి విప్పి, ముక్కని మళ్ళీ కిందటిదాని మీద బిగువుగా చుట్టి, వచ్చి నాకు చూపించేవాడు. వానల్లో గెడ్డ పొంగి బడిపాక వరకూ వచ్చినప్పుడు కూడా గిరకని నెత్తిమీద పెట్టుకుని దాటి వచ్చాడు. ఆ ఏడు నెలల్లోనూ అది ఒక్కసారి మూలగలేదు, ఒక్క చోట పచ్చబారలేదు. పనిలేని గిరకని అంత బాగా చూసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఏడో ముడి విప్పిన మర్నాడు వచ్చి, ముక్కల్ని తిరిగి అతికించమని నన్నడిగాడు. తన చేత్తో విప్పిన ముడి తన చేత్తో కట్టకూడదట. కడితే గడిచిన రోజుల్ని వెనక్కి తెచ్చుకున్నట్టు. వేరేవాళ్ళ చెయ్యి కావాలి, పట్టుదారానికి జారని ముడి వేయడం ఊళ్ళో నాకొక్కదానికే వచ్చు.

అప్పుడు క్రిస్మస్ దగ్గరికి వచ్చేసింది. పద్నాలుగుమంది పిల్లలకి చొక్కాలూ గౌన్లూ కుట్టాలి. "రేపు చూద్దాం తాతా" అన్నాను. మర్నాడు వచ్చాడు. "ఇవి అవనీ" అన్నాను. నిజం చెప్పాలంటే పని ఒక్కటే కారణం కాదు. దొర వస్తాడని నేను నమ్మలేదు. ముసలాయన పిచ్చికి గంటసేపు కూచుని ముడులు వేయడం నాకు దండగ అనిపించింది. ఆ మాట మొహం మీద అనలేక రేపు అన్నాను.

మూడోరోజు పొద్దున్నే వచ్చి గుమ్మం బయట కూచున్నాడు. "ఈ చొక్కా చెయ్యి కుట్టేసి ముడేసిస్తా" అన్నాను, మిషను మీంచి తలెత్తకుండా. నేను కుడిచెయ్యి కుట్టి ఎడమచెయ్యి మొదలుపెట్టేసరికి దొర బంట్రోతు గట్టు దిగి వచ్చాడు. దొరలిద్దరూ తెల్లారే దిగారట, గిరక కోసం వెతుకుతున్నారట.

"వొచ్చీసినాడా?" అని తాత లేచాడు. ఆ సంతోషం చూడాలి! వెంటనే గిరకని గుండెకి హత్తుకున్నాడు. "ఒక్క గడియ ఆగు బాబూ. పంతులమ్మ ముడేసిద్ది. ఒక్క గడియ."

"దొరలు నీ గడియ కోసం కూకుంటారేటి?" అని బంట్రోతు గిరక లాక్కుని పోయాడు.

ఏ పెద్ద దొర వచ్చినా పిల్లలచేత పాట పాడించాలని మిషను వాళ్ళ ఆజ్ఞ. పిల్లల్ని వరసగా గెడ్డ ఒడ్డుకి తీసుకెళ్ళాను. అప్పటికే కర్రకి గిరక బిగించేశారు. పెద్ద దొర దాన్ని తిప్పి చూసి కనుబొమలెత్తాడు, బాగుందన్నట్టు. తాత ఇంజనీరు దొర దగ్గరికి వెళ్ళాడు.

"దొరా, దారం ముక్కలుగున్నాది. ఒక్కపాలి ఇలగియ్యి."

దొరకి అర్థం కాలేదు. భుజం తట్టి, "బాగుంది, బాగుంది" అన్నాడు.

అప్పుడు తాత నా వైపు తిరిగాడు. "పంతులమ్మా, నువ్వు సెప్పు. ఆల్ల బాసలో సెప్పు."

చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? నాలుగు. నోటిదాకా వచ్చాయి కూడా. పెద్ద దొర నా వైపు చూశాడు. ఎందుకు ముక్కలైందని అడుగుతాడు, ఏడు నెలల కథ చెప్పాలి, నేను కట్టలేదని చెప్పాలి. బడికొచ్చే గ్రాంటు గుర్తొచ్చింది. దారమంతా లాక్కుపోయే చేప ఈ రోజే పడుతుందా ఏమిటి అని కూడా అనుకున్నాను. ఊరికే ఎవరిమీదా పడిపోయే నా నోరు ఆ ఒక్క గడియా మూసుకుపోయింది. పిల్లలకి పాట అందించాను.

మూడో చరణంలో చేప పడింది. కర్ర వంగింది. గిరక పాడడం మొదలెట్టింది. పాడడం అనే అంటాను, ఆ శబ్దాన్ని ఇంకెలా చెప్పాలో తెలియదు. ఎక్కడా తడబాటు లేదు, కుదుపు లేదు, నీళ్ళలో ఆ బంగారు పొలుసుల చేప ఎంత వేగంగా పోతే అంత వేగంగా అదే స్థాయిలో కిరకిరమంటూ దారం వదులుతోంది. పెద్ద దొర ఆనందం పట్టలేక గట్టిగా కేక వేశాడు. తాత వైపు చూశాను. కళ్ళు మూసుకుని, ఎడమ చెవి అటు వాల్చి వింటున్నాడు. ముడులు లేవని ఆ కొద్దిసేపూ ఆయన కూడా మరిచిపోయాడని నా నమ్మకం.

తరవాత శబ్దం ఆగిపోయింది. కర్ర నిటారుగా లేచింది. యాభై గజాల పట్టుదారమూ చేపా వెళ్ళిపోయాయి. చక్రం మీద పాత ముక్కల కొసలు చుట్లు చుట్లుగా లేచి వేలాడుతున్నాయి.

పెద్ద దొర కర్రని బంట్రోతు చేతికిచ్చి, చెయ్యి తుడుచుకుని, గట్టు ఎక్కిపోయాడు. ఇంజనీరు దొర మొహం కందగడ్డలా ఎర్రబడింది. చక్రం మీది ముక్కలు లాగి చూసి, ఈ మనుషులకి ఏదీ నేర్పలేమని ఇంగ్లీషులో అన్నాడు.

"ఏటన్నాడు?" అని తాత నన్నడిగాడు.

"చేప చాలా పెద్దదన్నాడు" అని చెప్పాను.

దొర గిరకని కర్రనుంచి ఊడదీసి తాత కాళ్ళ దగ్గర పడేశాడు, నువ్వే ఉంచుకో అన్నట్టు చెయ్యి విదిలించాడు. తాత వంగి దాన్ని తీసుకుని, అంటిన ఇసక పంచెతో తుడిచాడు. తుడుస్తూనే వెనకాల నడిచాడు. "దొరా, మరి గుంటడి మాట? గుంటడి మాట, దొరా?" దొర వెనక్కి తిరగలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే వాళ్ళు గుర్రాలెక్కి ముంచింగిపుట్టు దారి పట్టారు. పిల్లలకి తెచ్చిన మిఠాయి డబ్బా మాత్రం బంట్రోతు నాకిచ్చి వెళ్ళాడు.

తాత నన్ను ఒక్క మాట అనలేదు. అంటాడేమోనని నేను చాలా రోజులు ఎదురుచూశాను. ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిచ్చేవాడు. బడివైపు రావడం మానేశాడు. ఒకసారి నేనే ఆయన గుడిసెకి వెళ్ళి, తప్పు నాదే తాతా అన్నాను. ఆయన రాగులు దంచుకుంటున్నాడు. దంచుతూనే ఉన్నాడు. వినలేదేమోనని మళ్ళీ అన్నాను. అప్పుడు రోకలి ఆపి, నేను వెళ్ళేదాకా ఊరుకున్నాడు. అంతకన్నా తిట్టినా బావుండేది.

వేసవిలో జైలునుంచి కాగితం వచ్చింది. ఆ చుట్టుపక్కల చదివేవాళ్ళు లేక తపాలా మనిషి దాన్ని బడికే తెచ్చాడు. తాతని పిలిపించాను. గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆయన పేరు, ఆ పేరుగల వాని కొడుకు అని కొడుకు పేరు, కింద నాలుగు వరసలు. జ్వరం తగిలి జైలు ఆసుపత్రిలో చనిపోయాడు. శవాన్ని అక్కడే పాతిపెట్టారు. కాగితం ఏ ఆఫీసులో ఎన్నాళ్ళు పడి ఉందో, తారీఖు మాత్రం పాతది.

చదివి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఏ నెల?"

"శ్రావణం."

వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి తప్పాడో ఏమో, మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాడు.

"మరయితే దొర వొచ్చీసరికి గుంటడు నేడు."

"లేడు తాతా. నాలుగు నెలల ముందే..."

తలెత్తి నా మొహంలోకి చూశాడు. గెడ్డ ఒడ్డున ఆ రోజు చూశాక మళ్ళీ నన్ను చూడడం అదే.

"మరయితే నీ తప్పేటీ నేదు, పంతులమ్మా" అన్నాడు.

ఆయన అనకముందే నేను ఆ లెక్క వేసేశాను. ఆ తారీఖు కాగితంలో కనబడగానే, ఆయనకి చదివి వినిపించకముందే వేసేశాను. నేను ముడులు కట్టినా, నోరు తెరిచి ఆ నాలుగు మాటలూ చెప్పినా, ఆ గుంటడు రాడు. అయిదు నెలలుగా గుండె మీదున్న బరువు ఒక్కసారి దిగిపోయింది. కొడుకు చావు చదివి, ఆ తండ్రి ఎదురుగా నిలబడి, నేను హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఆయన నా మొహంలో చూసింది అదే. చూసి, కాగితం ఇమ్మని చెయ్యి చాపి తీసుకుని, వెళ్ళిపోయాడు.